సీసాలు పడ్డాకే తీర్పు మారిందా? కాలేజీ ఫుట్‌బాల్‌లో రిఫరీల పొరపాట్లు, విశ్వవిద్యాలయాల తీరు

రౌండ్‌రాక్ నాన్న (ప్రశ్న):

అందరికీ నమస్కారం. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారని ఈ ప్రశ్న అడుగుతున్నాను. మా అబ్బాయి ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. వాడి పుణ్యమా అని, క్రికెట్ తప్ప మరో ఆట ఎరుగని నేను కూడా శనివారాలు ఈ కోడిగుడ్డు ఆకారపు బంతి వెంట పడుతున్నాను. అయితే 2024 అక్టోబరు 19న ఆస్టిన్‌లో జార్జియాతో జరిగిన మ్యాచ్ మీద మా ఇంట్లో మొదలైన వాదన మాత్రం ఇప్పటికీ తెగలేదు.

ఆ రోజు వాడికి టికెట్ దొరకలేదు, ఇంటికి వచ్చేశాడు. ఇద్దరం హాల్లో కూర్చుని టీవీలో చూశాం. మూడో క్వార్టర్‌లో జార్జియా 23–8తో ముందున్నప్పుడు, ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ కార్సన్ బెక్ విసిరిన బంతిని టెక్సస్ ఆటగాడు జాడే బారన్ మధ్యలోనే అందుకుని, జార్జియా గోల్ గీతకు తొమ్మిది గజాల దూరం వరకు పరుగెత్తాడు. మావాడు చేతిలోని పులిహోర గిన్నె పక్కన పెట్టి ఒక్క ఉదుటున లేచాడు. అంతలోనే తెర మీద, తప్పు జరిగిందని రిఫరీ విసిరే పసుపు జెండా కనిపించింది. బంతి రాకముందే బారన్ ఎదుటి ఆటగాణ్ణి అడ్డుకున్నాడని పాస్ ఇంటర్‌ఫియరెన్స్ ప్రకటించి, బంతిని తిరిగి జార్జియాకే ఇచ్చారు. ఇక చూడాలి, స్టాండ్ల నుంచి నీళ్ల సీసాలూ చెత్తా వచ్చి మైదానంలో పడసాగాయి. టెక్సస్ కోచ్ స్టీవ్ సర్కీసియన్ తానే అటువైపు వెళ్లి, ఆపండని ప్రేక్షకులను బతిమాలుకున్నాడు. సీసాలు ఏరే పని సాగుతుండగా రిఫరీలు ఒకచోట చేరి మాట్లాడుకుని, తప్పేమీ జరగలేదని జెండా వెనక్కి తీసుకున్నారు. కాసేపటికే టెక్సస్ బంతిని గోల్ గీత దాటించి టచ్‌డౌన్ సాధించింది. చివరకు జార్జియాయే 30–15తో గెలిచింది కనుక రచ్చ కొంత సద్దుమణిగింది.

ఆ రాత్రి మావాడు అన్న మాట ఇది: "నాన్నా, సీసాలు వేయకపోయి ఉంటే వాళ్లు మళ్లీ మాట్లాడుకునేవాళ్లే కాదు." వాడు ఏమీ విసిరే రకం కాదు. అయినా ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. అలా తీర్పు మార్చడం నిబంధనల్లో ఉన్నదేనా? మార్చిన తీర్పు సరైనదే అయితే విశ్వవిద్యాలయానికి జరిమానా ఎందుకు వేశారు? ఇలాంటి సందర్భాల్లో కోచ్‌లు, విశ్వవిద్యాలయాల పెద్దలు ఎందుకు అంత ఆచితూచి మాట్లాడతారు? తెలిసినవారు విడమరచి చెప్పగలరు.

ఆల్ఫరెటా అభిమాని:

నేను జార్జియా పక్షం. ఆ సంగతి ముందే చెప్పేస్తే నా మాటలను ఎంత తూకంతో తీసుకోవాలో మీకే తెలుస్తుంది.

మొదటి ప్రశ్నకు జవాబు సులభం. కాలేజీ ఆటలో పాస్ ఇంటర్‌ఫియరెన్స్ జరిగిందా లేదా అన్నది రీప్లే ద్వారా తేల్చే విషయం కాదు. టీవీలో పదిసార్లు చూపించినా, రీప్లే గదిలో కూర్చున్న వ్యక్తి దాన్ని మార్చలేడు. కానీ తర్వాతి ప్రయత్నం (ప్లే) మొదలయ్యేలోపు మైదానంలోని అధికారులు తమలో తాము సంప్రదించుకుని తీర్పు దిద్దుకోవచ్చు. ఆ రోజు జరిగింది అదే. తొలి తీర్పును సరిగ్గా అమలు చేయలేదని ఈ రెండు విశ్వవిద్యాలయాలూ సభ్యులుగా ఉన్న క్రీడా కూటమి ఎస్ఈసీ కాన్ఫరెన్స్ కూడా మర్నాడు తన ప్రకటనలో ఒప్పుకుంది. నిజం చెప్పాలంటే బారన్ చేసిన తప్పేమీ నాకూ కనిపించలేదు.

మాకు మింగుడుపడనిది తీర్పు మారడం కాదు, మారిన తీరు. మైదానంలోకి వస్తువులు విసిరి ఆటగాళ్లను ప్రమాదంలో పడేస్తే తీర్పు మారే అవకాశం ఉందన్న ఆనవాయితీ ఇప్పుడు ఏర్పడిందని మా కోచ్ కర్బీ స్మార్ట్ ఆ రాత్రే అన్నాడు. అది ఓడినవాడి ఏడుపు కాదు, గెలిచినవాడు అన్న మాట. అందుకే దానికి బరువుంది.

ఎస్ఈసీ టెక్సస్‌కు 2,50,000 డాలర్ల జరిమానా వేసి, విసిరినవారిని వీడియోల సాయంతో గుర్తించి ఆ విద్యా సంవత్సరం పూర్తయ్యే వరకు క్రీడా పోటీలకు రానివ్వకూడదని ఆదేశించింది. విశ్వవిద్యాలయం జార్జియాకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. దాదాపు మూడేళ్ల ముందు, 2021 అక్టోబరు 16న, టెనెసీలో ఇదే కథ నడిచింది. చివరి నిమిషంలో నాలుగో డౌన్‌లో (పది గజాలు ముందుకు సాగడానికి ఒక జట్టుకు దక్కే నాలుగు ప్రయత్నాల్లో చివరిదానిలో) టెనెసీ ఆటగాడు ఆ పది గజాల గీతకు కొద్ది దూరంలో ఆగిపోయాడని తేల్చగానే ఓల్ మిస్ (మిసిసిపీ విశ్వవిద్యాలయం) జట్టు మీద సీసాలు, చెత్త, చివరికి ఒక ఆవాల పచ్చడి సీసా కూడా వచ్చి పడ్డాయి. ఓల్ మిస్ కోచ్ లేన్ కిఫిన్‌కు గోల్ఫ్ బంతి తగిలింది. ఆట ఇరవై నిమిషాల పాటు ఆగింది. ఆ జరిమానా కూడా 2,50,000 డాలర్లే.

ఇప్పుడు ఆ అంకెను పక్కన పెట్టి టెక్సస్ క్రీడా విభాగం రాబడి చూడండి: ఏడాదికి 30 కోట్ల డాలర్లకు పైమాటే. జరిమానా అందులో వెయ్యోవంతు కూడా కాదు. ఏనుగుకు చీమ కుట్టినట్లుంటుంది. ఫుట్‌బాల్ మీద ఇన్ని కోట్లు ఆర్జించే సంస్థను ఆ మొత్తం ఆపుతుందని అనుకునేవారు ఎవరూ ఉండరు. నా దృష్టిలో సరైన శిక్ష ఒకటే: విసిరిన స్టాండ్ వైపు వారికి వచ్చే మ్యాచ్‌కు టికెట్లు ఇవ్వకుండా, ఆ వరసలను ఖాళీగా వదిలేయాలి. కలకత్తాలో 1999లో సచిన్ రనౌట్ మీద అల్లరి చెలరేగినప్పుడు స్టేడియం ఖాళీ చేయించి టెస్ట్ ముగించిన సంగతి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

శుక్రవారం చారల చొక్కా:

పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శుక్రవారం రాత్రులు డాలస్ పరిసరాల్లో హైస్కూల్ ఆటలకు రిఫరీ పని. ఆరేళ్లుగా ఇదే నా వారాంతం. కాలేజీ స్థాయికి నేను ఎన్నడూ వెళ్లలేదు కానీ, అక్కడ పనిచేసేవారిలో ఎక్కువమంది కూడా నాలాగే వారమంతా వేరే ఉద్యోగాలు చేసుకునేవారే. వకీళ్లు, బడి పంతుళ్లు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు. ఈ విషయం అభిమానులకు ఎంత చెప్పినా తలకెక్కదు.

రౌండ్‌రాక్ నాన్న గారూ, మీ అబ్బాయి మాటలో సగం నిజం ఉంది, దాన్ని నేను దాచను. జెండా విసిరిన క్షణంలో ఎవరికీ అన్నీ కనపడవు. మైదానంలో ఎనిమిది మంది ఉంటే ఒక్కొక్కరికీ ఒక్కో రిసీవర్ (బంతి అందుకునే ఆటగాడు), ఒక్కో ప్రాంతం అప్పగించి ఉంటుంది. ఒకడు చూసేది వీపు వైపు నుంచి, మరొకడు చూసేది చేతుల వైపు నుంచి. జెండా పడ్డాక మేము పరుగున దగ్గరకు వచ్చి ఒకరినొకరం అడిగే మొదటి ప్రశ్న "నీకేం కనిపించింది?" అన్నదే. మామూలు రోజున ఆ మాటామంతీకి పదిహేను ఇరవై సెకన్లు దొరికితే గొప్ప. కోచ్‌లు అరుస్తుంటారు, టీవీ వాళ్లు తొందరపెడుతుంటారు, ప్రకటన చేసేయాలన్న ఒత్తిడి మెడ మీద ఉంటుంది. ఆస్టిన్‌లో సీసాలు ఏరేటంతసేపు ఆ తొందర లేకుండా పోయింది. పక్క కోణం నుంచి చూసిన అధికారికి నోరు విప్పే వ్యవధి దొరికింది. కాబట్టి తీర్పును మార్చింది సీసాలు కావు, అవి తెచ్చిపెట్టిన నిమిషాలు. ఆ నిమిషాలను సీసాలు లేకుండానే మాకు ఇవ్వమని పైవారిని అడగాలే తప్ప, సీసాలు పనిచేశాయని సంబరపడకూడదు.

మీరు ఎప్పుడైనా రిఫరీ చేతిని దగ్గరగా చూశారా? మణికట్టుకు ఒక నల్లటి ఎలాస్టిక్ పట్టీ, దానికొక చిన్న ఉచ్చు ఉంటుంది. మొదటి డౌన్‌కు దాన్ని చూపుడువేలికి, రెండో డౌన్‌కు నడిమి వేలికి, అలా నాలుగో డౌన్‌కు చిటికెన వేలికి మార్చుకుంటాం. స్టేడియంలో లక్ష మంది అరుస్తుండగా, వాన పడుతుండగా, ఇప్పుడు ఎన్నో డౌన్ అన్నది మనసులో గుర్తుపెట్టుకోవడం జరిగే పని కాదని తెలిసే ఆ దారం పుట్టింది. నేను ఒకసారి పదమూడేళ్ల పిల్లల ఆటలో దాన్ని మార్చడం మరిచి, ఒక జట్టుకు రావలసిన డౌన్ ఎగ్గొట్టబోయాను. పది గజాల కొలత గొలుసు పట్టుకున్న పెద్దాయన దగ్గి దగ్గి గుర్తు చేశాడు. ఇంటికి వచ్చాక కూడా చేతి వంక చూసుకుంటూ కూర్చున్నాను.

ఇక అభిమానుల వైపు నుంచి చూసినప్పుడు నాకు భయం కలిగించేది 2006 నాటి ఓక్లహోమా–ఆరెగన్ మ్యాచ్. సెప్టెంబరు 16న యూజీన్‌లో, చివరి నిమిషాల్లో ఆరెగన్ వేసిన ఆన్‌సైడ్ కిక్ (బంతిని మళ్లీ తామే దక్కించుకోవాలని వేసే చిన్న కిక్) పది గజాలు దాటకముందే ఆ జట్టు ఆటగాడే బంతిని ముట్టాడు, అది నిబంధనకు విరుద్ధం. పైగా బంతి చివరకు చిక్కింది ఓక్లహోమా చేతికి. అయినా రీప్లే చూసి కూడా బంతిని ఆరెగన్‌కే ఇచ్చారు, ఆ జట్టు 34–33తో గెలిచింది. పాక్–10 కాన్ఫరెన్స్ క్షమాపణ చెప్పి, మైదానంలోని అధికారులనూ రీప్లే అధికారినీ ఒక మ్యాచ్‌కు పక్కన పెట్టింది. ఓక్లహోమా విశ్వవిద్యాలయ అధ్యక్షుడు డేవిడ్ బోరెన్, ఆ ఫలితాన్ని రికార్డుల నుంచి తొలగించాలని తమ కాన్ఫరెన్స్‌కు లేఖ రాశాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ రీప్లే అధికారి ఇంటికి బెదిరింపు ఫోన్లు వెళ్లాయి. ఒక ఆట కోసం! ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో పందేలు చట్టబద్ధమయ్యాక పరిస్థితి ఇంకా దిగజారిందనే నా అభిప్రాయం. పిల్లల ఆటకు వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు రిఫరీల చారల చొక్కా మీద జాకెట్ వేసుకుని గానీ పార్కింగ్‌లోకి అడుగుపెట్టను.

కొలంబియా పాత విద్యార్థిని:

నేను మిస్సోరీ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చేశాను, చదువయ్యాక ఇక్కడే స్థిరపడ్డాను. చారల చొక్కా గారు ఎలాస్టిక్ పట్టీ ప్రస్తావన తెచ్చారు కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను. మా ఊళ్లో ఆ పట్టీ పేరెత్తితే తాతలు కూడా కర్ర పక్కన పెట్టి మాట్లాడతారు.

1990 అక్టోబరు 6న ఇక్కడి ఫారట్ ఫీల్డ్‌లో కొలరాడోతో ఆట. మిస్సోరీ 31–27తో ముందుంది, సెకన్లు మిగిలాయి, కొలరాడో మా గోల్ గీత ముంగిట ఉంది. మొదటి డౌన్‌లో గడియారం ఆపడానికి బంతిని నేలకు కొట్టారు. రెండో డౌన్‌లో పరుగు ఆగిపోయింది, కొలరాడో టైమౌట్ తీసుకుంది. ఆ విరామంలో డౌన్ గుర్తు రెండు దగ్గరే ఉండిపోయింది, ఎవరూ తిప్పలేదు. అక్కడి నుంచి అంతా ఒకటి వెనక్కి నడిచింది. అసలు నాలుగో డౌన్‌ను మూడోదనుకుని కొలరాడో మళ్లీ బంతిని నేలకు కొట్టింది. నిజానికి ఆట అక్కడితో ముగిసి, బంతి మాది కావాలి. కానీ అయిదో డౌన్ దక్కింది, దానిలో చార్ల్స్ జాన్సన్ గోల్ గీత మీద పడ్డాడు. దాటాడా లేదా అన్నది మరో రగడ. కొలరాడో 33–31తో గెలిచింది. అధికారుల బృందం మొత్తాన్నీ బిగ్ ఎయిట్ కాన్ఫరెన్స్ నిరవధికంగా సస్పెండ్ చేసింది గానీ, ఆట ముగిశాక ఫలితాన్ని మార్చే అధికారం తమకు లేదని తేల్చేసింది. ఆ ఏడాది కొలరాడో అసోసియేటెడ్ ప్రెస్ ఓటింగ్‌లో జాతీయ విజేత అయింది. కోచ్ బిల్ మెకార్ట్‌నీ ఆ రోజు క్షమాపణ చెప్పకపోగా, మా మైదానం జారుడుగా ఉందని సణిగాడు. పశ్చాత్తాపం ప్రకటించడానికి ఆయనకు 1998 దాకా పట్టింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారే, ఇక్కడ ఎనిమిదేళ్లు.

దీనికి పక్కన పెట్టి చూడవలసింది 1940 నవంబరు 16. హానోవర్‌లో కార్నెల్, డార్ట్‌మత్ జట్ల ఆట. అక్కడా పొరపాటున అయిదో డౌన్ ఇచ్చారు, అందులోనే కార్నెల్ టచ్‌డౌన్ చేసి 7–3తో గెలిచింది. అప్పటికి వరసగా 18 ఆటల్లో ఓటమి ఎరుగని జట్టది. తర్వాత ఫిల్ము తెప్పించుకుని చూశారు, తప్పు జరిగిందని రిఫరీ కూడా ఒప్పుకున్నాడు. కార్నెల్ విజయాన్ని వదులుకుంటున్నామని డార్ట్‌మత్‌కు టెలిగ్రాం ఇచ్చింది. ఆట రికార్డుల్లో నేటికీ డార్ట్‌మత్ 3, కార్నెల్ 0 అనే ఉంది. నిబంధనలు అప్పుడూ వాళ్లను బలవంతం చేయలేదు. గెలిచినవాళ్లే పిలిచి ఇచ్చేశారు. ఆ పద్ధతి తర్వాత ఎందుకు కొనసాగలేదో ఊహించడం కష్టం కాదు: 1940లో ఒక గెలుపు మీద టీవీ ఒప్పందాలు, కోచ్ బోనస్‌లు, ప్లేఆఫ్ స్థానాలు వేలాడుతూ ఉండేవి కావు.

ఆ తర్వాత నడిచినదంతా ఒకే మూస. 2015 అక్టోబరు 31న మయామీ జట్టు ఎనిమిది లాటరల్ పాసులతో (పక్కకో వెనక్కో అందించుకుంటూ) డ్యూక్ మీద ఆఖరి కిక్‌ను టచ్‌డౌన్‌గా మలచి 30–27తో నెగ్గింది. అధికారులు చూడవలసిన తప్పులు చూడలేదని ఆ రెండు జట్ల కాన్ఫరెన్స్ ఏసీసీ మర్నాడే ప్రకటించి, ఆ బృందాన్ని రెండు ఆటలకు పక్కన పెట్టింది. ఫలితం మాత్రం అలాగే ఉంది. మరుసటి ఏడాది సెప్టెంబరు 10న ఓక్లహోమా స్టేట్‌తో మ్యాచ్ ముగిసిపోవలసిన చోట సెంట్రల్ మిషిగన్‌కు నిబంధనల ప్రకారం రాకూడని ఒక ప్రయత్నం ఇచ్చారు. దానితోనే ఆ జట్టు 30–27తో గెలిచింది. బృందం సస్పెండైంది, ఫలితం నిలిచింది. ప్రతిసారీ ఇదే తంతు: ఆదివారం ప్రకటన, సోమవారం సస్పెన్షన్, స్కోరు యథాతథం.

దీనికి తోడు నోరు కట్టేయడం ఒకటి. రౌండ్‌రాక్ నాన్న గారి మూడో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. 2016లో ఒహాయో స్టేట్ చేతిలో రెండో ఓవర్‌టైమ్‌లో ఓడాక, నాలుగో డౌన్‌లో బంతి నిలిపిన చోటు మీద మండిపడి రిఫరీలను తప్పుపట్టినందుకు మిషిగన్ కోచ్ జిమ్ హార్బాను బిగ్ టెన్ కాన్ఫరెన్స్ మందలించి, విశ్వవిద్యాలయానికి 10,000 డాలర్ల జరిమానా వేసింది. 2020లో అధికారులను విమర్శించే పోస్టును ట్విట్టర్‌లో మళ్లీ పంచుకున్నందుకు లేన్ కిఫిన్‌కు ఎస్ఈసీ 25,000 డాలర్లు వేసింది. ఆయన ఆ మొత్తాన్ని పెన్నీలుగా చెల్లిస్తానంటూ ఎగతాళి చేశాడనుకోండి, అది వేరే ముచ్చట. కోచ్ మాట్లాడకూడదు, రిఫరీ మాట్లాడడు, కాన్ఫరెన్స్ రెండు వాక్యాల ప్రకటనతో సరిపెడుతుంది. అప్పుడు మాట్లాడేది ఎవరు? స్టాండ్‌లో కూర్చున్నవాడు, అతని చేతికి అందేదేమో సీసా. ఆల్ఫరెటా అభిమాని గారి ఖాళీ వరసల శిక్షతో నేను ఏకీభవించను. సంస్థ తన తప్పును వివరంగా చెప్పే బాధ్యత తీసుకోకుండా, విద్యార్థిని మాత్రమే శిక్షించడం నాకు న్యాయంగా తోచదు.

ఆల్ఫరెటా అభిమాని:

అమ్మా, మీ మిస్సోరీ గాయం అర్థమైంది గానీ, కోచ్‌లకు నోరు విప్పే స్వేచ్ఛ ఇస్తే చారల చొక్కా గారి జాకెట్ మీద మరో జాకెట్ వేసుకోవలసి వస్తుంది. లక్షమంది ముందు ఏటా కోట్ల డాలర్ల జీతం తీసుకునే కోచ్ రిఫరీ వైపు వేలు చూపిస్తే, ఆ వేలు చివర ఇంటి చిరునామా వెతికేవారు వంద మంది ఉంటారు. ఓక్లహోమా కథ అదే కదా. నేను కోరేది వేరు. 2025 సీజన్‌లో ఏసీసీ కొన్ని ఆటల్లో రీప్లే గదికీ మైదానంలోని రిఫరీకీ మధ్య నడిచే సంభాషణను టీవీలో నేరుగా వినిపించడం మొదలుపెట్టింది. అంతకు ముందు ఏడాది వర్జీనియా టెక్ మయామీలో ఆడినప్పుడు ఆఖరి బంతిని మొదట టచ్‌డౌన్‌గా ఇచ్చి, చాలా నిమిషాలు చూసి రద్దు చేశారు. మయామీ 38–34తో బయటపడింది. ఏ చిత్రం ఆధారంగా మార్చారో తెలియక ఆ రాత్రంతా జనం తలలు పట్టుకున్నారు. గదిలో మాటలు వినిపించి ఉంటే ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, కనీసం ఏం చూశారో తెలిసేది.

శుక్రవారం చారల చొక్కా:

ఆ వినికిడి ఏర్పాటు నాకూ నచ్చింది. కానీ ఆస్టిన్‌లో జరిగింది రీప్లే గదిలో కాదు, గడ్డి మీద అన్నది మరవకండి. మా మాటలు మైకులో పెడతారా? పెడితే నేను సిద్ధమే గానీ, మా సంభాషణలో సగం "నాకు కనిపించలేదు" అన్న మాటే వినపడుతుంది. దాన్ని విని జనం నవ్వుతారో, గౌరవిస్తారో నాకు తెలియదు. "కనిపించలేదు" అని పైకి చెప్పడమే ఈ వృత్తిలో నేర్చుకోవడానికి అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టే పాఠం.

రౌండ్‌రాక్ నాన్న:

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ మావాడికి చదివి వినిపించాను, వాడికి తెలుగు చదవడం కొంచెం నెమ్మది. సీసాలు కావు, నిమిషాలు అన్న మాట దగ్గర తల ఊపాడు. కార్నెల్ టెలిగ్రాం దగ్గర మాత్రం నమ్మలేదు. ఫోన్లో తానే వెతికి చూసుకుని "మనవాళ్లయితే పంపేవాళ్లు కాదు" అన్నాడు. మనవాళ్లంటే టెక్సస్ వాళ్లా, మనుషులా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

చారల చొక్కా గారికి చివరిగా ఒక చిన్న ప్రశ్న. ఆ ఎలాస్టిక్ పట్టీ ఎక్కడ దొరుకుతుంది? మా అపార్ట్‌మెంట్ల పిల్లలు శనివారం పొద్దున పార్కులో ఫ్లాగ్ ఫుట్‌బాల్ (పడదోయకుండా నడుముకున్న జెండా లాగే ఆట) ఆడతారు. పోయిన వారం నన్ను రిఫరీగా నిలబెట్టి, రెండో డౌనో మూడో డౌనో చెప్పలేక నేను తెల్లమొహం వేస్తే, ఎనిమిదేళ్ల అమ్మాయి ఒకత్తె నా కళ్లలోకి చూసి "అంకుల్, మీకు రాదా?" అని అడిగింది.